ఒక కళాకారుడు, పదకొండుమంది రక్షకులు

గ్రీసులోని మా టీనోస్ దీవిలో పాలరాతి చెక్కడం అనే ప్రాచీన విద్య ఇక అంతరించే ప్రసక్తే లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. దాని పరిరక్షణకు మా ఊళ్లో పదకొండుమందితో సంఘం ఏర్పడింది. చెక్కేవాడు మాత్రం ఒక్కడే. ఆ సంఘానికి నేను కార్యదర్శిని.

ఆ ఒక్కడు ఫ్రాంగిస్కోస్ బాబాయి. గుమ్మాల పైన గాలీ వెలుతురూ రావడానికి పెట్టే పాలరాతి జాలీలు చెక్కుతాడు. ఓడలు, పిట్టలు, పూలకుండీలు. రెండేళ్లుగా ఎవరూ ఒక్క జాలీ అడగలేదు. ఈస్టరులోగా ఒక్క బేరమైనా తగలకపోతే కొట్టు మూసేసి, బావమరిది హోటల్లో వంటకు మెత్తబడేలా ఆక్టోపస్‌లను బండకేసి బాదే పనికి కుదురుతానన్నాడు. సంఘం దీన్ని తీవ్రంగా పరిగణించి, ఏథెన్సు నుంచి ఆధునిక డిజైనర్ మెల్పో గారిని రప్పించింది.

ఆవిడ బాబాయి చెక్కిన ఓడను చూసి కళ్లు తుడుచుకుంది. తర్వాత ఓడ తీసేయమంది. మర్నాడు పిట్టను కూడా. "నేటి మానవుడు శూన్యాన్ని కోరుకుంటున్నాడు!" అని ఉపన్యసించింది. చివరికి ఖరారైన నమూనా, ఏమీ చెక్కని పలక. పేరు 'ఉలి మౌనం'. చెయ్యి తగిలితే నునుపు చెడుతుందని యంత్రంతో కోయించారు. బాబాయి పనల్లా పలక పక్కన ఉలి పట్టుకుని ఫొటోకు నిలబడడమే. కాస్త దుమ్ము పూసుకోమన్నారు, పూసుకున్నాడు. పలకలన్నీ పెద్ద హోటళ్లు కొనుక్కుపోయాయి. కళ బతికిందని పత్రికలు రాశాయి.

సన్మానసభలో మా సంఘం అధ్యక్షుడు స్తామాటిస్ గారు బాబాయి చేతులు పైకెత్తి, "ఈ చేతులు జాతి సంపద!" అని గర్జించారు.

బాబాయి చేతులు లాక్కున్నాడు.

"ఆపరా స్తామాటీ! మీ నాన్న గుమ్మానికి మా నాన్న చెక్కిన జాలీ ఏదిరా? పీకించి అక్కడ ఏసీ పెట్టించావు. మీ పదకొండుమందీ ఇళ్లు కట్టుకున్నారే, ఒక్కడంటే ఒక్కడు నా కొట్టు గడప తొక్కాడా? అన్నీ సిమెంటు పోతలేగా!"

నా గుమ్మం మీదున్న జాలీ కూడా సిమెంటుదే, చూడ్డానికి అచ్చం రాయిలా ఉంటుంది. నిజం చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే లేచి, ఇంత గొప్ప ప్రశ్న తరతరాలు నిలవాలి కనుక పాలరాతిపై చెక్కించి ఊరి నడుమ ప్రతిష్ఠించాలని ప్రతిపాదించాను. చప్పట్ల మధ్య తీర్మానం ఏకగ్రీవమైంది.

ఆ ఏడాది మా ఊరు రాతిపనికిచ్చిన ఆర్డరు అదొక్కటే. బాబాయి చేత్తో చెక్కితే రెండు నెలలు పడుతుంది. ఆవిష్కరణకు మంత్రిగారేమో ఆ వచ్చే ఆదివారమే వస్తున్నారు. అందుకని ఏథెన్సులో యంత్రానికి అప్పగించాం. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మీరొచ్చినప్పుడు దాని ముందు నిలబడి ఫొటో దిగడం మరచిపోకండి.