దొరసాని ఆనందబాష్పాలు

కాజీపల్లికి విచ్చేసిన నార్వే దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త డాక్టర్ హెల్గా మన ఆదరణకు చలించి కంటతడి పెట్టారని జిల్లా పేజీలన్నీ ముక్తకంఠంతో ప్రకటించాయి. ఆమె వచ్చింది ఇక్కడి జనానికి నిద్రెందుకు పట్టడం లేదో తెలుసుకోవడానికి. అది వార్త కాదు. కప్పిన శాలువానే ముక్కుకు అదుముకుని కళ్ళు తుడుచుకోవడం వార్త.

అరుణమ్మకు ఆ కన్నీళ్ళ సంగతి బాగా తెలుసు. ఊరి పక్కనున్న మందుల కంపెనీ పొగ వదిలితే ఆమె కళ్ళలోనూ అవే నీళ్ళు. పెనిమిటి కొమురయ్యకైతే ఊపిరే ఆడదు. మంచంలో కూర్చుని తెల్లవార్లూ ఎగపోస్తాడు.

"గా పొగ ముచ్చట జెర రాయి బిడ్డా," అని విలేకరి శివకుమార్‌ను బతిమాలింది.

"రాసి పంపిన పెద్దమ్మా. రోజూ ఉండేది వార్త ఎట్లయితదని పక్కన పడేసిన్రు," అన్నాడతను.

దొరసాని రెండోసారి వస్తోందనగానే అధికారులు మేల్కొన్నారు. అతిథి మర్యాద కింద కంపెనీ ఆ రోజుకు పొగ ఆపింది. కొమురయ్య గుర్రుపెట్టి నిద్రపోయాడు. అరుణమ్మకు ప్రాణం లేచొచ్చింది. "గీ దొరసాని ఈడనే కిరాయికి ఉంటే ఎంత మంచిగుంటుండె!" అంది.

కానీ దొరసాని ఏడవలేదు! పత్రికలు కలవరపడ్డాయి. 'చెమర్చని కళ్ళు: మన ఆతిథ్యంలో లోపమెక్కడ?' అని ప్రత్యేక కథనం వెలిసింది. "ఇవాళ గాలి బాగుంది, రోజూ ఇలాగే ఉంచండి" అని ఆమె అన్న మాటకు మాత్రం చోటు చాలలేదు. పరువు పోయిందని ఊరు కుమిలిపోయింది.

మూడో రాకకు సన్మాన సంఘం వెలిసింది. బీరంగూడ నుంచి వచ్చిన అధ్యక్షులు రామలింగేశ్వరరావు గారు గంభీరంగా సెలవిచ్చారు: "మొదటిసారి ఉన్నవన్నీ ఉన్నట్టే ఉండాలండి. అదే శాలువా, అవే సకినాలు, అదే పొగ. ఆవిడ మనసు కరగాలి!" చప్పట్లు మోగాయి.

అరుణమ్మ లేచి నిలబడింది. "అయ్యా, పొగ ఇడిస్తే మా ముసలాయన సచ్చిపోతడు."

"ఒక్క పూటేగా అమ్మా, ఊరి కోసం ఓర్చుకోండి," అన్నారాయన ఎంతో మృదువుగా.

ఆ రోజు గాలి కూడా కలిసొచ్చింది. దొరసాని ఏడ్చారు. వేదిక ఏడ్చింది. సభ మొత్తం దగ్గుతూ చప్పట్లు కొట్టింది. ఇంట్లో ఊపిరాడక గడపలో కూలబడిన కొమురయ్యను ఊరేగింపు వెంట వచ్చిన కెమెరాలు చక్కగా పట్టుకున్నాయి. మర్నాడు పేపర్లో 'ఊరంతా ఆనందబాష్పాలు' అన్న శీర్షిక కింద ఆయన ఫోటో: 'గుండెల మీద చేయి వేసుకుని స్వాగతం పలుకుతున్న వృద్ధుడు.'

ఆస్పత్రి వరండాలో అరుణమ్మకు ఫోన్లు ఆగలేదు. "అక్కా, బావ ఫోటో పడ్డది!" అని ఒకటే సంబరం. ఆమె ఆ పేపరుతోనే ఆయనకు విసురుతూ కూర్చుంది. కాసేపటికి విసరాల్సిన పని లేకపోయింది.

ఆ ఫోటో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. మీరు దండం బొమ్మ పెట్టి మరో పదిమందికి పంపారు కూడా.