కార్డు వచ్చేదాకా పాపకు పేరు లేదు

ఉన్న వస్తువుతో పని చేసుకునేవాడు పనివాడు. రాబోయే వస్తువు కోసం పని ఆపుకునేవాడు నిపుణుడు. ఈ మహా సూత్రాన్ని లోకానికి అందించిన ఘనత కోరుట్ల పట్టణానిది. సూత్రకర్త శ్యాంసుందర్. బస్టాండు వెనక గల్లీలో కూర్చుని పెళ్ళి వీడియోలు తీస్తాడు, వాటికి మిక్సింగ్ చేస్తాడు. తీయడం పెళ్ళిరోజే అయిపోతుంది. మిక్సింగ్ మాత్రం రాబోయే తరం గ్రాఫిక్స్ కార్డు బజారులోకి వచ్చాక మొదలవుతుంది.

గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటర్ పొట్టలో ఉండి బొమ్మల సంగతి చూసుకునే పలక. (ఎరగనివారి కోసం ఈ వివరణ. ఎరిగినవారు ఇప్పటికే కొత్తదాని కోసం ఆగి ఉన్నారు.)

శ్యాంసుందర్ వల్ల ఆగిపోయినవారిలో మనీషా ఒకతి. ఆమెది కోరుట్ల. సిరిసిల్లలో మరమగ్గాలున్న ఇంటికి కోడలుగా వెళ్ళింది. ఆమె కోరిక పెద్దదేమీ కాదు. కూతురికి ఒక పేరు కావాలి.

పేరుకూ కార్డుకూ ఏం సంబంధమని అడిగేవారు పెళ్ళిళ్ళలో బట్టలు పెట్టే ఘట్టం చూసి ఉండరు. మనీషా పెళ్ళిలో తల్లి రాజవ్వ, వియ్యపురాలు సత్యవ్వకు చీర పెట్టింది. రాజవ్వ చెప్పేదాన్ని బట్టి అది పట్టుచీర. సత్యవ్వ చెప్పేదాన్ని బట్టి పాలిస్టర్, అదీ తమ వాడకట్టు మగ్గం మీద నేసిందే. మా బట్ట మాకే పెడతారా అన్నది ఆమె అభియోగం. చీర తెచ్చి చూస్తే క్షణంలో తేలిపోయేది. కానీ పెట్టిన బట్ట పెట్టెలో నిలవడం మన ఆచారంలో లేదు. సత్యవ్వ కవరు మీది నుంచే వేలితో నొక్కి చూసి తీర్పు చెప్పేసి, మడత విప్పకుండానే దాన్ని గంభీరావుపేట ఆడబిడ్డకు పెట్టింది. ఆ ఆడబిడ్డ బుగ్గారంలో ఒక గృహప్రవేశానికి పెట్టింది. అక్కడి నుంచి వెల్గటూరు దిక్కు పోయిందన్నంత వరకే సమాచారం ఉంది. ఇక మిగిలిన సాక్షి వీడియో ఒక్కటే.

వీడియో చూసేదాకా ఆమె ఉన్న చోట నేను కూర్చోనని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. అమ్మమ్మా నాయనమ్మా లేకుండా తొట్టెల వేడుక జరగదు. తొట్టెల కానిదే పేరు పెట్టరు. పాపకు ఇరవై ఒకటో దినం వచ్చింది, పోయింది. ఆస్పత్రివాళ్ళిచ్చిన టీకాల కార్డు మీద ‘మనీషా బిడ్డ’ అని రాసి ఉంది. పేరు పెట్టడానికి కొన్న తొట్టెలలో పడుకోబెడితే ఇప్పుడు కాళ్ళు బయటికొస్తున్నాయి. ఒక తరం కార్డు కోసం ఎదురుచూస్తుంటే ఇంట్లో ఒక తరం పెరిగిపోతోందని మనీషా భర్త నరేశ్ ఒకసారి నవ్వాడు. మనీషాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

పాపను చంకనేసుకుని ఆమె శ్యాంసుందర్ దుకాణానికి పోయింది.

"మిక్సింగ్ వద్దన్నా. గా బట్టలు పెట్టిన ముక్క ఒక్కటి ఫోన్ల చూపియ్యి, సాలు."

"గట్లెట్ల చూపిస్త చెల్లె," అన్నాడు శ్యాంసుందర్, బాధగానే. "మిక్సింగ్ల పూలరేకులు రాలకముందు అది పెండ్లే కాదు."

నిజానికి ఆయన చేతిలో ఏమీ లేదు. ఆయన రాబోయే కార్డుల నిరీక్షకుల సంఘంలో (కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఉమ్మడి శాఖ) ప్రమాణం చేసిన సభ్యుడు. జగిత్యాలలో జిరాక్స్ సెంటర్ నడిపే హరిప్రసాద్ దానికి అధ్యక్షుడు, పుకార్ల ధ్రువీకరణాధికారి కూడా. అమ్మకంలో ఉన్న కార్డును సభ్యులెవరూ కొనరాదన్నది సంఘం మొదటి నియమం. కొన్న కార్డు కొన్న క్షణమే పాతదవుతుంది, కొనని కార్డు ఎప్పటికీ కొత్తదే. (రెండో నియమం ఏమిటన్నది వచ్చే సమావేశంలో నిర్ణయిస్తారు. వచ్చే సమావేశం ఎప్పుడన్నది కూడా.)

హరిప్రసాద్ ధ్రువీకరించినదాని ప్రకారం రాబోయే కార్డు మామూలుది కాదు. చాయ్ చల్లారేలోపు పెళ్ళంతా తయారుచేసి పెడుతుంది. కెమెరా తీయని దృశ్యాలను కూడా తానే పుట్టించి నడిమధ్యలో అతుకుతుంది. పెళ్ళికి రాని మేనమామ సైతం బరాత్‌లో డ్యాన్స్ చేస్తాడు. ఇది విన్నాక ఆగనివాడు మనిషే కాడని సంఘం అభిప్రాయపడింది.

అడ్డంకులు లేవని కాదు. ఆ కార్డు ఒక మరమగ్గమంత కరెంటు తాగుతుందని తెలిసి, దానికీ మగ్గాలకిచ్చే రాయితీ ఇప్పించమని సంఘం దరఖాస్తు పెట్టింది. తనిఖీకి వచ్చిన ఉద్యోగికి కార్డు ఫొటో చూపించారు. ఆయన శ్రద్ధగా చూసి, దీనికి మూడు ఫ్యాన్లు ఉన్నందువల్ల ఇది మగ్గం కాదనీ, ఫ్యాను అనీ తేల్చి, చలికాలం ఆపుకోవచ్చని సలహా రాసి వెళ్ళిపోయాడు.

చివరికి ఆ కార్డు బజారులోకి రానే వచ్చింది. మనీషా ఊపిరి పీల్చుకుంది. అయితే అది వచ్చిన సాయంత్రమే దాని తర్వాతి కార్డు గురించి మొదటి పుకారు కూడా వచ్చింది, హరిప్రసాద్ దాన్ని అక్కడికక్కడే ధ్రువీకరించాడు. శ్యాంసుందర్ మళ్ళీ నిరీక్షణలోకి జారుకోబోతున్నాడు. మనీషా ఈసారి బతిమాలలేదు. దుకాణానికి పోయి, పాపను కంప్యూటర్ ముందు దింపి, తాను స్టూలు మీద కూర్చుంది. పాప మొదట కీబోర్డును నాకింది, తర్వాత వైర్లు గుంజడం మొదలుపెట్టింది. రెండో రోజు కూడా వాళ్ళిద్దరూ రావడం చూసి శ్యాంసుందర్ సంఘం నియమాన్ని ఉల్లంఘించి కార్డు తెప్పించాడు.

తొట్టెల ముహూర్తం పెట్టారు. ఇద్దరు వియ్యపురాళ్ళూ వచ్చారు, పాప కోసం కాదు, తీర్పు కోసం. హాలుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. గోడకు తెల్లటి గుడ్డ కట్టి వీడియో వేశారు. నలుగు అయింది, జీలకర్రబెల్లం అయింది. బట్టలు పెట్టే ఘట్టం వచ్చింది. రాజవ్వ తెరమీద లేచింది, కవరులోంచి చీర అంచు బయటికి తీసింది.

అప్పుడు పూలరేకులు రాలాయి.

మామూలు రేకులు కావు. ఒక్కో రేకుకు ఒక్కో నీడ ఉంది. రేకు అంచున తడి మెరుస్తోంది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు అవి కురిసి, రాజవ్వనూ చీరనూ సత్యవ్వనూ కప్పేశాయి. అవి తొలగేసరికి సత్యవ్వ ఒట్టి పళ్ళెం తిరిగి ఇస్తోంది. (శ్యాంసుందర్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత సహజమైన రేకులు ఈ జిల్లాలో ఇంతవరకు రాలలేదు.)

"గీ పూలు ఎవలడిగిండ్రు నిన్ను?" అంది రాజవ్వ, ముందుగా తేరుకుని.

"గదే నేనంటున్న వదినా," అంది సత్యవ్వ అటు చివర నుంచి. "మనను సూపియ్యమంటే పూలు సూపిచ్చిండు."

పెళ్ళి తర్వాత ఆమె నోట వదినా అన్న మాట రావడం అదే మొదలు. ఇద్దరూ లేచి దగ్గరికొచ్చి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ శ్యాంసుందర్‌ను దులిపేశారు. మనీషా గుండె నిండిపోయింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని ఆమెకు తెలుసు. పాపను మడతపెట్టినట్టు తొట్టెలలో సర్ది, ఇద్దరినీ చెరో చేయి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టింది. సన్నాయి అందుకుంది. అమ్మమ్మ ఒక చెవిలో, నాయనమ్మ ఇంకో చెవిలో వంగి పేరు చెప్పారు. అక్షింతలు పడ్డాయి.

భోజనాల దగ్గర ఎవరో పేరేమిటని అడిగారు.

"కల్యాణి," అంది రాజవ్వ.

"స్వప్న," అంది సత్యవ్వ అదే క్షణంలో. "ముందుగాల చెప్పింది నేనే."

కుర్చీలు మళ్ళీ దూరం జరిగాయి. ఎవరు ముందు చెప్పారో సన్నాయి హోరులో విన్నవారు లేరు. అందరూ శ్యాంసుందర్ వైపు చూశారు, ఎందుకంటే అదంతా ఆయన షూట్ చేశాడు. ఆయన కెమెరాకు మూత పెట్టి మనీషా దగ్గరికొచ్చాడు.

"రంది వడకు చెల్లె. ఇంకో కార్డు అస్తున్నదట. చెవుల చెప్పింది మనకు ఇనవడకున్నా, అదే ఊహిచ్చి చెప్తదట."

ఆ సాయంత్రమే ఇద్దరు వియ్యపురాళ్ళూ ఆయనకు విడివిడిగా ఫోన్ చేసి, ఊహించేటప్పుడు కాస్త చూసి ఊహించమని చెప్పారు.

తర్వాతి టీకాకు పోయినప్పుడు, పాత కార్డు చిరిగిపోయిందని ఆస్పత్రిలో అప్పటికప్పుడే కొత్త కార్డు ఇచ్చారు. ఇన్నాళ్ళలో ఎవరినీ ఆపకుండా వచ్చిన కొత్త కార్డు అదొక్కటే. దాని మీద కూడా ‘మనీషా బిడ్డ’ అనే రాశారు.