పద్నాలుగో ఏడు వాయిదా

గుండ్లవంక ఉన్నత పాఠశాల గ్రంథాలయానికి పుస్తకాల ఎంపిక పూర్తయ్యేదాకా ఎనిమిదో తరగతి పిల్లలెవరికీ పద్నాలుగో ఏడు రాకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ ప్రకారం ఎవరికీ రాలేదు.

ఉత్తర్వుకు కారణం సబబైనదే. పై కార్యాలయం నుంచి అట్టపెట్టెల్లో పుస్తకాలు వచ్చాయి. పెట్టెల మీద "పదమూడేళ్ల వారికి" అని రాసి ఉంది. వాటిలో ఏవి పిల్లలకు తగినవో, ఏవి తగనివో తేల్చడానికి మండలంలో ఒక ఎంపిక సంఘాన్ని వేశారు. సంఘం నిదానంగా చదివేది. తేలేలోగా పిల్లలకు పద్నాలుగు వచ్చేస్తే తగిన పుస్తకాలు తగని పిల్లల చేతికి పోతాయి. పుస్తకాల మీద రాసిన వయసు మార్చే అధికారం ఎవరికీ లేదు. పిల్లల వయసు ఆపే అధికారం ఉందా అని వెతికితే, లేదని ఎక్కడా రాసి లేదు.

ఏటా బడి తెరిచిన వారంలో డ్రిల్లు సారు పిల్లలను వరండా గోడకు ఆనించి, తలమీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీసేవాడు. ఆ ఏడాది గీత నిరుటి గీత మీదే పడింది. ఆయన మరోసారి కొలిచి, సరిపోయిందని తల ఊపి, తర్వాతి పిల్లను రమ్మన్నాడు. జుట్టు గురించీ గోళ్ల గురించీ ఉత్తర్వులో ఏమీ లేదు గనుక అవి మామూలుగా పెరిగాయి.

ఉత్తర్వు ఆ ఏడాది హాజరుపట్టీలో పేర్లున్నవాళ్లకే వర్తించింది. వాళ్ల వెనక వచ్చిన పిల్లలు ఎనిమిది చదివి తొమ్మిదికి, తొమ్మిది చదివి పదికి పోయారు. వాళ్లకని పుస్తకాలేవీ రాలేదు గనుక వాళ్లకు వయసు వచ్చింది.

పట్టీలో పేర్లున్నవాళ్లలో హంపమ్మ ఒకతె. శెనక్కాయ చేలకు కూలికి పోయే ఈరమ్మ పెద్దకూతురు. తరగతిలో చెయ్యెత్తి మాట్లాడే పిల్ల కాదు. అడిగితే జవాబు వచ్చినా, తలదించుకుని బల్లకే చెప్పేది.

మొదటి ఏడాది ముగిశాక ఈరమ్మ ఒక పూట కూలి మానుకుని బడికి వచ్చింది. హెడ్‌మాస్టరు కుళ్ళాయప్ప సారు గది బయట చెప్పులు విడిచి నిలబడింది.

"సార్, మా పాప పెరగల్యా."

"పెరగదమ్మా. ఆర్డరు ఉండాది."

"ఎన్నాళ్లు సార్?"

"బుక్కులు తేలేదాకా."

"బుక్కులదేముంది సార్, యాదో ఒగటి ఇచ్చి పంపీకూడదా?"

కుళ్ళాయప్ప సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "యాదో ఒగటి ఇస్తే పిల్లోళ్లు చెడిపోతారమ్మా. నువ్వు చదువుకోలేదు, నీకు తెలీదు. బుక్కంటే శానా జాగ్రత్తగా ఉండాల."

ఈరమ్మ ఇంటికి వచ్చి రాత్రి అన్నం వండుతూ ఆలోచించింది. పోయినేడు కుట్టించిన లంగా పొట్టికాలేదు. చెప్పులు బిగువు కాలేదు. పద్నాలుగు దాటిన ఆడపిల్ల ఉన్న ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చుని "మీ పాపకు సంబంధం చూసుకోండమ్మా" అని చెప్పిపోయే చుట్టాలు ఒక్కరూ రాలేదు. ఆమె మళ్లీ బడికి పోలేదు. రెండో ఏటికల్లా చుట్టుపక్కల ఊళ్ల తల్లులు కుళ్ళాయప్ప సారు దగ్గరికి వచ్చి, తమ ఆడపిల్లల పేర్లు కూడా ఆ పట్టీలో ఎక్కించమని బతిమాలుకోసాగారు. ఖాళీలు లేవని ఆయన చెప్పేవాడు.

పుస్తకాలు గ్రంథాలయం గదిలో అద్దాల బీరువాలో ఉండేవి. తలుపు సందున కాగితం అతికించి, దానిమీద లక్కముద్ర వేశారు. పిల్లలు విరామంలో అద్దానికి ముక్కులు ఆనించి పేర్లు చదువుకునేవాళ్లు. అన్ని పుస్తకాలూ వీపులు చూపిస్తూ నిలబడి ఉండేవి, ఒక్కటి తప్ప. సర్దేటప్పుడు అటెండరు చేయి జారి ఆ పుస్తకం తెరుచుకుని, పేజీలు బయటికి చూసేలా అద్దానికి ఆనుకుని నిలిచిపోయింది. అతను చూసుకునే సరికే ముద్ర పడింది. నెలనెలా ముద్ర తీసినా వంతు వచ్చిన పుస్తకాన్నే ముట్టుకోవాలి, వేరేదాన్ని సరిచేయాలంటే సంఘం తీర్మానం కావాలి. పుస్తకం అలాగే ఉండిపోయింది.

ఆ రెండు పేజీలు హంపమ్మకు కంఠతా వచ్చాయి. ఒక అమ్మాయి తెల్లవారకముందే లేస్తుంది. నది ఒడ్డుకు నడుస్తుంది. చెప్పులు చేతిలో పట్టుకుని బురదలోకి దిగి, పడవ అంచు మీద ఒక కాలు పెడుతుంది. కుడివైపు పేజీ చిట్టచివర ఇలా ఉంది: "పడవ కదలబోతుండగా ఆ అమ్మాయి ఒడ్డునున్న తల్లి వైపు తిరిగి గట్టిగా". అక్కడికి పేజీ అయిపోయింది.

గుండ్లవంకలో వంక ఉంది గాని, వానొస్తే ఒకపూట పారి ఇంకిపోయేది. పడవను చూసినవాళ్లు ఊళ్లో లేరు. హంపమ్మ తల్లిని అడిగింది.

"పడవ అంటే ఎట్లుంటాదిమా?"

"నేనూ చూళ్లేదు. మన గొడ్ల తొట్టి మాదిరి ఉంటాదంట. తొట్టిలో నీళ్లుంటాయి, పడవ నీళ్లల్లో ఉంటాది. అంతే."

ఆ అమ్మాయి గట్టిగా ఏమని ఉంటుందో తరగతిలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. "నా సద్దిమూట మర్చిపోయినా, తెచ్చీమా అనింటాది," అనేది షమీమ్. హంపమ్మ పక్కన కూర్చునే పిల్ల ఆమె. "లేకుంటే పడవకు బొక్క ఉండాది అనింటాది. నువ్వేం అనుకుంటాండావే?" అని అడిగితే హంపమ్మ నవ్వి ఊరుకునేది. ఆమెకు ఒక ఊహ ఉండేది. ఏ ఏటికాయేడు అది మారేది. ఎవరికీ చెప్పేది కాదు.

సంఘం ప్రతి నెలా మొదటి శనివారం బడి గ్రంథాలయం గదిలో సమావేశమయ్యేది. అధ్యక్షుడు చెన్నకేశవులుగారు రిటైరైన ఉపాధ్యాయుడు, నిష్ఠ గలవాడు. పుస్తకం మొత్తం చదవకుండా తిరస్కరించేవాడు కాదు. కొండ ఎక్కే కుర్రవాడి కథను, చదివితే పిల్లలు కొండ ఎక్కుతారని పక్కన పెట్టారు. చావు ఉన్న కథను, పిల్లలకు చావు గురించి ఇప్పుడే ఎందుకని పక్కన పెట్టారు. ఆ తరగతిలో షమీమ్‌తో పాటు ఇంకో ఇద్దరికి తండ్రులు లేరు. ఆకలి ఉన్న కథ గురించి చర్చ జరుగుతున్నప్పుడు కిటికీ బయట పిల్లలు పళ్లేలు పట్టుకుని మధ్యాహ్న భోజనానికి వరుసలో నిలబడి ఉన్నారు. పళ్లేల చప్పుడుకు మాట వినపడక కిటికీ మూయించి, ఆ కథను కూడా పక్కన పెట్టారు. ఒక పుస్తకంలో అభ్యంతరకరమైనదేదీ దొరకలేదు. ఏదీ లేని పుస్తకం పిల్లలకెందుకని దాన్నీ పక్కన పెట్టారు. నిఘంటువులో అన్ని మాటలూ ఉన్నాయని ఒక సభ్యుడు గుర్తించాడు.

పిల్లలనే అడిగితే ఎలా ఉంటుందని ఒకసారి కుళ్ళాయప్ప సారు అన్నాడు. పుస్తకం చదివినవాళ్ల అభిప్రాయమే తీసుకోవాలని, చదవాలంటే ముందు ఎంపిక కావాలని చెన్నకేశవులుగారు వివరించారు. సారుకు అందులో తప్పు కనపడలేదు.

హంపమ్మకు నేత్రావతి అని ఒక చెల్లెలు. చిన్నప్పుడు అక్క లంగా పట్టుకుని బడికి వచ్చి, బీరువా ముందు ఎత్తుకోమని మారాం చేసేది. హంపమ్మ ఎత్తుకుని, అద్దంలోంచి ఆ రెండు పేజీలు చదివి వినిపించేది.

"మళ్ల ఏమైందక్కా?"

"తెలీదు. పేజీ తిప్పాల."

"నేను పెద్దయినంక తిప్పి చెప్తాలే. ఏడవద్దు."

"నేనేం ఏడ్సలేదు. నువ్వే బరువైపోతాండావు, దిగు."

నేత్రావతి నిజంగానే బరువైంది. ఒక ఏడాది ఇద్దరూ ఎనిమిదిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరికీ పదమూడే. ఒకరి జడ ఒకరు అల్లుకుని, ఒకే ముద్ద గోంగూర ఊరగాయ పంచుకుని, విరామంలో బీరువా ముందు నిలబడేవాళ్లు. పక్కపక్కన నిలబడితే అద్దంలో ఇద్దరి తలలూ సమంగా కనపడేవి. హంపమ్మకు ఆ ఏడాది అన్నిటికంటే బాగుండింది. మరుసటి ఏడాది నేత్రావతి తొమ్మిదికి పోయింది. గోడమీద చెల్లెలి గీత అక్క గీతను దాటి పైకి పోయింది.

నేత్రావతి పది పాసై పట్నం హాస్టలుకు పోయే ముందు ఈరమ్మ పెద్దకూతురిని వంటింట్లోకి పిలిచింది.

"ఇంగమీదట నేత్రాను పేరు పెట్టి పిలవద్దు పాపా. అక్కా అను. అంత పెద్దపిల్లను పట్టుకుని నువ్వు ఒసే, ఏమే అంటాంటే ఊర్లో వాళ్లు నవ్వుతాండారు."

హంపమ్మ కాసేపు పొయ్యిలో కట్టె సర్దింది. "అట్లనేమా," అంది. ఆ సాయంత్రం బస్సు దగ్గర చెల్లెలి సంచి అందిస్తూ మొదటిసారి అంది. "పోయిరాక్కా."

నేత్రావతి బస్సు మెట్టుమీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది. ఏదో గట్టిగా అంది. ఇంజను చప్పుడులో వినపడలేదు.

హాస్టలు, కాలేజీ, ఉపాధ్యాయ శిక్షణ అయ్యాక నేత్రావతి అదే బడికి తెలుగు టీచరుగా వచ్చింది. ఎనిమిదో తరగతి గదిలోకి వచ్చి హాజరు పిలుస్తూ "హంపమ్మ" అంది. హంపమ్మ లేచి నిలబడి, "ప్రెజెంట్ టీచర్," అని బల్లకే చెప్పింది. పాఠం ఆమెకు కంఠతా వచ్చు. చెల్లెలు ఒకచోట వాక్యం మరిచిపోతే పెదవులు కదిపి అందించింది.

చెన్నకేశవులుగారు ఒక ఎండాకాలం పుస్తకం ఒళ్లో పెట్టుకునే కన్నుమూశారు. ఆ ఖాళీలో నేత్రావతిని సంఘంలోకి తీసుకున్నారు. అప్పటికి బీరువాలో చదవాల్సిన పుస్తకం ఒక్కటే మిగిలింది. అద్దానికి ఆనుకుని ఉన్నది.

ఆ నెల సమావేశం రోజు హంపమ్మ పొద్దున్నే తలంటుకుని, ఉతికిన యూనిఫాం తొడుక్కుంది. ఆ పుస్తకం ఒప్పుకుంటే ఎంపిక పూర్తయినట్టే. పేజీ తిప్పవచ్చు. ఆపైన పద్నాలుగు వస్తుంది. ఈ రెండిట్లో ఏది ఎక్కువ కావాలో ఆమె చాలా ఏళ్లుగా తేల్చుకోలేదు. ఒకదాని వెనకే రెండోది వస్తుందని మాత్రం తెలుసు.

ముందురోజు రాత్రి ఈరమ్మ చిన్నకూతురికి అన్నం పెడుతూ అంది. "ఆ బుక్కు ఒప్పుకుంటే పాప పెద్దదైపోతాది గదమ్మే. నువ్వా, రేపో మాపో యాడికో ఒగ తావుకి పోతావు. నీళ్లు తెచ్చేదెవురు? నా పక్కలో పండుకునేదెవురు?" నేత్రావతి పళ్లెం పక్కకు జరిపింది. చేయి కడుక్కుంది.

శనివారం ముద్ర తీశారు. హంపమ్మ కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడింది. ఆమె పక్కన షమీమ్, వెనక మిగిలిన తరగతి. అటెండరు పుస్తకాన్ని తీసి నేత్రావతి ముందు పెట్టాడు. ఎండకు ఆ రెండు పేజీలూ పచ్చబడ్డాయి. నేత్రావతి కుడివైపు పేజీ కొసను పట్టుకుని తిప్పింది.

"తిప్పినాదే! తిప్పినాది!" అని షమీమ్ హంపమ్మ భుజాన్ని గిల్లింది.

నేత్రావతి చదివింది. చదువుతూ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు నవ్వు ఆగకపోతే అలాగే పెట్టుకునేది. తర్వాత కళ్లు తుడుచుకుంది. చివరిదాకా చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది. మిగిలిన సభ్యులు టీ తాగి ఓపికగా కూర్చున్నారు. ఆమె పుస్తకం మూసి చాలాసేపు అట్టమీద చేయి ఉంచింది. కిటికీ వైపు చూడలేదు.

"మంచి పుస్తకం," అంది. "ఇది చదివిన పిల్లలు ఊరికే ఉండలేరు. పదమూడేళ్లకు ఎక్కువేమో అనిపిస్తాంది సార్."

సభ్యులు ఏకగ్రీవంగా అంగీకరించారు. పెట్టెల్లో తగిన పుస్తకం ఒక్కటీ లేనందున కొత్త పెట్టెలు పంపమని పై కార్యాలయానికి రాయాలని, అందాకా ఉత్తర్వు కొనసాగుతుందని తీర్మానించారు.

నేత్రావతి బయటికి వచ్చేసరికి మిగిలిన పిల్లలు వెళ్లిపోయారు. హంపమ్మ స్తంభం దగ్గర ఉంది.

"ఏమనిందక్కా?"

నేత్రావతి వంగింది. ఇప్పుడు మాట్లాడాలంటే వంగాల్సి వచ్చేది. అక్క జడకు ఊడిపోయిన రిబ్బను మళ్లీ ముడివేసింది. ముడి బిగువుగా పడింది.

"నీకిప్పుడే వద్దులే పాపా. ఇంగొంచెం పెద్దయినంక చదువుకుందువులే."

హంపమ్మ ఆమె ముఖంలోకి చూసింది. పడవ అమ్మాయి అన్న మాట ఆ కళ్ల వెనకే ఉంది. కొంచెం మడమలెత్తి చూస్తే కనపడేట్టు ఉంది.

"బాగుండిందా?"

"శానా బాగుండింది."

"అట్లనే అక్కా," అంది హంపమ్మ.

అటెండరు బీరువాలో పుస్తకాలు సర్దాడు. ఈసారి జాగ్రత్తగా, అన్నిటినీ వీపులు చూపిస్తూ నిలబెట్టాడు. కొత్త లక్కముద్ర ఆరేలోగా గంట కొట్టారు. వరండాలో డ్రిల్లు సారు స్కేలు పట్టుకుని ఎత్తులు కొలుస్తున్నాడు. హంపమ్మ వరుసలో నిలబడి, తన వంతు రాగానే గోడకు ఆనుకుంది. ఏటేటా ఒకేచోట గీసి గీసి అక్కడ సున్నం రాలి గాడి పడింది. సారు కొలవకుండానే పెన్సిలును అందులో పెట్టి లాగాడు. అది అలవాటైన దారిలో మెత్తగా పోయింది.

"సరిపోయింది," అన్నాడు. "తర్వాత."