నా నాలుగో మారుమనస్సు

ఒక్కసారి మారి, ఇక అలాగే ఉండిపోయే మనిషి వల్ల ఎవరికైనా ఏమైనా లాభం ఉందా? మీరే చెప్పండి. నేను చూసినంతలో లేదు. పాత పాపంలోకి మళ్ళీ జారిపడేవాడే ప్రార్థన మందిరానికి కళ. వాడు లేకపోతే ఆదివారం గంటన్నర గడవదు!

నేను టైలర్ని. చదువు మూడో తరగతితో ఆగింది. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. తప్పులుంటే ఆమెవి, పాపాలుంటే నావి.

మా మందిరంలో సాక్ష్యాలు చెబుతారు. దేవుడు ఏ చెడ్డ అలవాటు నుంచి విడిపించాడో, ఆ మనిషి ముందుకొచ్చి మైకులో చెప్పాలి. ఇప్పుడు దానికి ఫోన్లు తోడయ్యాయి. ఎవరి గొంతైనా వణికితే చాలు, ఇరవై ఫోన్లు పైకి లేస్తాయి. సాయంత్రానికల్లా గ్రూపులో వీడియో, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు! ఇంత ఏర్పాటు చేసుకున్నాక అందరూ ఒక్కసారే విడుదల పొంది ఊరుకుంటే ఎలా? ఆ మైకు ఏమైపోవాలి?

మా కరెంటు పనాయన్ని చూడండి. కోపం వదిలేశానని ఏడాది మొదట్లో చెప్పాడు. మూడు నెలలకి ఎవరింటి మేడ మీద నుంచో స్క్రూడ్రైవర్ విసిరాడు. వచ్చి ఏడ్చాడు. ఆ తర్వాత ఏకంగా నిచ్చెనే విసిరాడు. ఏడుపు కూడా ఆ మేరకు పెరిగింది! మనిషి పైకి రావడమంటే అదీ.

బేకరీ ఆవిడ చాడీలు మానేసింది. మానేసిన మాట నిజమే. ఇప్పుడు ప్రార్థన మనవులు మాత్రమే చెబుతుంది. "పక్క వీధి కోడలి కోసం ప్రార్థన చేయండమ్మా. ఎందుకని అడగొద్దు. అడిగితే చెప్పాల్సి వస్తుంది." అడగకుండా ఉన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

మరి మా ఆవిడ? ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నా మిషన్‌కి ఎడమ పక్కన చిన్న పీట మీద కూర్చుని కాజాలు కుడుతుంది, అంచులు మడిచి కుడుతుంది. మందిరంలో వెనక వరసలో కూర్చుంటుంది. అబద్ధం చెప్పదు, ఒకరిది ముట్టుకోదు. ఎప్పుడు చూసినా అంతే. ఇన్నేళ్ళలో ఆమె చేతికి మైకు ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకొస్తుంది? పడని మనిషి లేవడాన్ని ఎవరు వీడియో తీస్తారు!

ఇక నా పాపం. చిన్నదే గానీ శ్రద్ధగా చేసింది. కుట్టమని ఇచ్చిన బట్టలో కొంత మిగుల్చుకోవడం. "ఈమధ్య కొంచెం ఒళ్ళు చేశారు కదండీ" అంటే చాలు, ఎంతటివాడైనా వాదించడు. సిగ్గుపడి ఇంకో పావు మీటరు తెస్తాడు. ఆ పావు నాది.

ఈ పాపం నుంచి దేవుడు నన్ను మూడుసార్లు విడిపించాడు. మొదటిసారి నేను ఏడిస్తే మందిరమంతా ఏడ్చింది. రెండోసారి పాస్టరు గారు కావలించుకున్నారు. మూడోసారి వీడియోని నాలుగు వందల మంది చూశారు. దేవుడు వదిలించి పంపించేసినదాన్ని, ప్రతిసారీ నేనే వెనకాల వెళ్ళి, బతిమాలి, ఇంటికి తెచ్చుకున్నాను. తెచ్చుకోకపోతే నాలుగోసారి చెప్పడానికి ఏముంటుంది?

అంతలో పాస్టరు గారికి పాటల బృందానికి పొడవాటి అంగీలు కుట్టించాలని ఆలోచన వచ్చింది. పదహారు మందికి. లేత నీలం బట్ట, రెండు తానులు, తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"వేరే టైలరుకి ఇవ్వబుద్ధి కాలేదండీ. మీరైతే మారిన మనిషి" అన్నారు.

మారిన మనిషినే. ఎన్నిసార్లు మారానని!

ప్రతి అంగీ అడుగున మూడు వేళ్ళు తగ్గించాను. ముక్కలు తలా తోకా కలిపి పరిచాను. అంతా అయ్యాక రెండు మీటర్ల చిల్లర మిగిలింది. షాపులో బట్టలు వేసి చూసుకునే మూలకి కర్టెన్ కట్టాను. చక్కగా కుదిరింది.

ఆ ఆదివారం పదహారు మంది లేచి నిలబడ్డారు. అంగీలు చీలమండల దాకా రాలేదు. పదహారు జతల సాక్సులు లోకానికి ప్రత్యక్షమయ్యాయి! లావు గొంతుతో పాడే ఆయన కాళ్ళకి ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు. పాపం, ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు.

"బట్ట ఉతికితే కుదించుకుపోయిందేమో కదండీ?" అన్నారు పాస్టరు గారు.

"అవునండీ, ఈ రకం బట్ట అంతే" అన్నాను. అప్పటికింకా వాటిని ఒక్కసారి కూడా ఉతకలేదు.

వెనక వరసలోంచి మా ఆవిడ నన్ను చూసింది. ఆ అంచులన్నీ మడిచి కుట్టింది ఆమే కదా.

నేనేమీ కంగారుపడలేదు. జారాను కాబట్టి సాక్ష్యం ఉంటుంది. మర్నాడే షాపులో అద్దం ముందు నిలబడి మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నారు?" అంది మా ఆవిడ.

"సాక్ష్యం చెప్పాలిగా. ఈసారి కన్నీళ్ళు చివర్లో కాకుండా మొదట్లోనే పెడదామనుకుంటున్నా."

"బట్ట ఏదీ?"

"అదేనే చెప్పేది. ఆ పాపం వదిలేస్తున్నానని."

"పాపం సంగతి దేవుడు చూసుకుంటాడు లెండి. నేనడిగింది బట్ట."

"ఆయన క్షమిస్తాడే పిచ్చిదానా!"

"ఎందుకు క్షమించడూ? ఆయన అంగీ పొట్టిగా లేదుగా!"

సూది గుచ్చిపెట్టి లేచింది.

"ఆదివారం మీరు ఉత్త చేతుల్తో ఆ మైకు పట్టుకున్నారంటే, సోమవారం నుంచి ఈ పీట ఖాళీ. కాజాలకి ఇంకో మనిషిని చూసుకోండి."

మా ఆవిడ బెదిరించదు. చెబుతుంది, అంతే. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ పీటని చూస్తే భయమేసింది.

అప్పుడు లెక్కేసుకున్నాను. మూడు సాక్ష్యాలకీ నాకు రుమాళ్ళు ఇచ్చారు, మంచినీళ్ళు ఇచ్చారు, వీపు నిమిరారు. ఇంతమందిలో ఒక్కరైనా "అది సరే, మా బట్ట ఏదయ్యా?" అని అడిగారా? అడిగి ఉంటే రెండోసారి జారేవాణ్ణా?

ఆదివారం పాస్టరు గారు నన్ను పిలిచారు. ఫోన్లు లేచాయి. నేను కర్టెన్ విప్పి, చుట్టచుట్టి, రెండు చేతుల్తో పట్టుకుని వెళ్ళాను. మైకు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆయనే నా నోటి దగ్గర పెట్టారు.

"బట్ట కుదించుకుపోలేదండీ. నేను కోసుకున్నాను. ఇదిగో. అంగీలన్నీ ఇస్తే అడుగున అతికి తెస్తాను."

ఎంత ప్రయత్నించినా ఏడుపు రాలేదు. చప్పట్లు లేవు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మూడో వరసలోంచి ఒకాయన లేచి, "మరి నా కోటు సంగతేంటి?" అన్నాడు. వెనకనుంచి ఇంకెవరో, "మా అమ్మాయి గౌను?" అన్నారు. బేకరీ ఆవిడ తన జాకెట్టు చేతులు లాగి చూసుకుంది. మైకులో మారడానికి ఐదు నిమిషాలు పట్టేది. బల్ల మీద మారడానికి నాకు ఏడాది పట్టేట్టుంది!

అందుకే నా అనుభవంతో చెబుతున్నాను. పాత పాపాల్లోకి హాయిగా తిరిగి వెళ్ళండి. నాలుగుసార్లు కాదు, నలభైసార్లు ఏడవండి. తీసుకున్నది వెనక్కి ఇచ్చే పని మాత్రం పెట్టుకోకండి. అది పెట్టుకున్నారంటే మళ్ళీ జారడం మహా కష్టం. ఇప్పుడు పాటల బృందం లేచి నిలబడితే పదహారు అతుకులు కనిపిస్తాయి. జనం అతుకుల్ని చూసి, వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. ఇలాగైతే మనిషి పాపం ఎలా చేస్తాడండీ?

ఆ మైకు పట్టిన మర్నాడు, సోమవారం పొద్దున షాపు తెరిచి, పీట వైపు చూడకుండా మొదటి అంగీకి ముక్క అతికాను. తల ఎత్తేసరికి ఆమె వచ్చి కూర్చునే ఉంది. చెయ్యి చాపింది. ఇచ్చాను. అంచు మడిచి, వేళ్ళతో కొలుచుకుంది. తర్వాత నా మెడలోంచి టేపు తీసుకుని, మళ్ళీ కొలిచింది.

"ఇంకా నమ్మకం లేదా?" అన్నాను.

"నమ్మకం ఉందండీ," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "టేపు కూడా ఉంది."