మెంబరు దిగకూడదు

ఆ శుక్రవారం పొద్దున అమెరికాలోని బెంటన్‌విల్ ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. రాత్రి కురిసిన మబ్బు పూర్తిగా పోలేదు, కొత్తది పూర్తిగా రాలేదు. తూర్పున కాస్త వెలుగు విచ్చుకునేది, అంతలోనే మూసుకుపోయేది. చక్రధర్ బాల్కనీలో నిలబడి దాన్ని చూసి తలాడించాడు. ఆకాశం ఇబ్బంది అతనికి బాగా అర్థమైంది.

ఆరు వారాలుగా అతను కారుకి రోడ్‌సైడ్ ప్లాన్ ఎంచుకుంటున్నాడు. దారిలో కారు ఆగిపోతే ఒక్క ఫోన్‌తో మనిషిని పంపి నడిపించే ప్లాన్, నడవకపోతే ట్రక్కు పంపి లాక్కెళ్లే ప్లాన్. నమ్మకంగా ఉండాలి, చవగ్గానూ ఉండాలి. అందుకని ఎక్సెల్‌లో పదకొండు కంపెనీలని ఇరవైమూడు కాలమ్‌లలో నిలబెట్టాడు. ఎంత దూరం లాగుతారు, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు, ఫోన్ ఎన్నో రింగుకి ఎత్తుతారు. ఆ చివరి కాలమ్ నింపడానికి పదకొండు కంపెనీలకీ ఫోన్ చేసి, వాళ్లు ఎత్తగానే పెట్టేశాడు. ప్లాన్ మాత్రం తీసుకోలేదు.

కారు పధ్నాలుగేళ్లది. వెండిరంగు, చేతి గేర్లు. కాంట్రాక్టు అయిపోయి ఊరు వదిలి వెళ్తున్న ఒకతను ఇస్తే తీసుకున్నాడు. చేతి గేర్ల కారుని ఈ దేశంలో ఎవరూ ఎత్తుకుపోరని అప్పట్లో సంబరపడ్డాడు.

ఆ రోజు పదిన్నరకి అతని భార్య ఇంద్రజకి డ్రైవింగ్ టెస్టు. మూడోసారి. మొదటిసారి వేగంగా పోయిందన్నారు, రెండోసారి మరీ నెమ్మదిగా పోయిందన్నారు. సోమవారం నుంచి కాలేజీలో డెంటల్ అసిస్టెంట్ కోర్సు మొదలవుతుంది. మొదటి వారం రాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ రోజు తప్పితే టెస్టుకి మళ్లీ మూడు వారాలు. ఆ ఊళ్లో బస్సు లేదు. కొత్తిమీర కట్ట కావాలన్నా ఎవరో ఒకరి కారు ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి. ఇంద్రజ అలా రెండేళ్లు కూర్చుంది.

తొమ్మిదింటికి ఆమె కిందికి దిగి, కారెక్కి, తాళం తిప్పింది. టక్, టక్, టక్ అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

"క్లచ్ తొక్కావా?" అన్నాడు వెనకే దిగిన చక్రధర్.

"తొక్కాను."

"పూర్తిగా తొక్కావా?"

ఇంద్రజ పైకి చూసింది. కారు కప్పులో చిన్న బల్బు స్విచ్ వేసి ఉంది. బల్బు మటుకు వెలగడం లేదు. పక్క సీట్లో ప్లాన్ల కాగితాలు, వాటి మీద కళ్లజోడు.

"రాత్రి కారులో కూర్చుని చదివారా?"

"ఇంట్లో అమ్మ టీవీ చూస్తోంది కదా. కాన్సంట్రేట్ చేద్దామని..."

"కారు ఆగిపోతే ఏ ప్లాన్ మంచిదో చదువుతూ కారుని ఆపేశారన్నమాట."

చక్రధర్ కళ్లజోడు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అప్పటికప్పుడు ఫోన్ తీసి, లిస్టులో మొదటి కంపెనీకి చేశాడు. రెండో రింగుకి ఎత్తారు. కాలమ్‌లో ఉన్నట్టే ఎత్తారు. కాని మెంబర్‌షిప్ కొన్నాక మూడు రోజులు ఆగితేనే కవర్ మొదలవుతుందట. రెండో కంపెనీ పదేళ్లు దాటిన కార్లని ముట్టుకోదట.

"ఇరవైమూడు కాలమ్‌లలో ఈ రెండూ లేవా?" అంది ఇంద్రజ.

"ఇప్పుడు యాడ్ చేస్తాను," అన్నాడు చక్రధర్.

పైనుంచి అతని తల్లి సీతమ్మ దిగి వచ్చింది. చీర మీద కొడుకు పాత కోటు, కాళ్లకి తెల్ల బూట్లు. నాలుగు నెలల క్రితం ఇండియా నుంచి వచ్చింది. "ఏమైందిరా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా కారు చుట్టూ ఒకసారి తిరిగింది, గేదెని కొనేవాళ్లు తిరిగినట్టు.

చక్రధర్ వేణుమాధవ్‌కి ఫోన్ చేశాడు. ఒకే క్లయింట్ దగ్గర పని, రెండు వీధుల అవతల ఇల్లు. పావుగంటలో అతను తన కారులో వచ్చాడు. అదీ వెండిరంగే. ఆ కాలనీలో తెలుగువాళ్లవి పది కార్లుంటే ఎనిమిది వెండిరంగువి. ఒకరు కొన్నది బాగుందని ఇంకొకరు కొంటారు. అతనితో రోజూ కలిసి ఆఫీస్‌కి వెళ్లే శ్రీధర్ కూడా దిగాడు.

"కేబుల్స్ ఉన్నాయా అన్నయ్యగారూ? మీ బ్యాటరీ నుంచి పెట్టుకుందాం," అంది ఇంద్రజ.

వేణుమాధవ్ నొచ్చుకున్నాడు. "ప్లాన్ ఉన్నవాడికి కేబుల్స్ ఎందుకమ్మా? నాది కారుకిచ్చే ప్లాన్ కాదు, మనిషికిచ్చేది. నేను ఏ కార్‌లో కూర్చుంటే అది కవర్ అయినట్టే."

"నా ప్లానయితే కారుకే ఉంటది," అన్నాడు శ్రీధర్. "కారేమో మా ఇంటామె రేణు తీస్కపోయింది. మల్ల గా ప్లాన్ ఉండి ఏం లాభం?"

"అందుకే నాది తీసుకోమన్నాను."

వేణుమాధవ్ చక్రధర్ కారులో ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఫోన్ చేసి మెంబరు నంబరు, పేరు, అడ్రస్ చెప్పాడు. వెండిరంగు కారు అన్నాడు. పెట్టేసి వేలెత్తి చూపించాడు. "డెబ్భై అయిదు నిమిషాల్లో వస్తారు. ఒకటే కండిషన్. వాళ్లు వచ్చేసరికి మెంబరు కార్‌లో ఉండాలి. నేను దిగను."

"డెబ్భై అయిదు నిమిషాలకి నా టెస్టు మొదలైపోయి ఉంటుంది," అంది ఇంద్రజ.

"నైంటీ పర్సెంట్ కేసుల్లో ముందే వస్తారమ్మా."

"మీ కారు ఇవ్వండి మరి. అది నడుస్తోందిగా."

వేణుమాధవ్ బెల్టు కాస్త బిగించుకున్నాడు. "లీజు కారు చెల్లెమ్మా. ఇన్సూరెన్స్‌లో నాదీ మా ఆవిడదీ పేర్లే ఉన్నాయి. టెస్టులో ఏదన్నా... అని కాదు, నువ్వు బాగానే నడుపుతావు. పేపర్లు..." అన్నాడు. అంతలో క్లయింట్ కాల్ వచ్చింది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మ్యూట్ చేసి, కళ్లు మూసుకున్నాడు.

సన్నగా జల్లు మొదలైంది. చక్రధర్, శ్రీధర్ మెట్ల కింద నిలబడ్డారు. కారుకిచ్చే ప్లాన్ మంచిదా, మనిషికిచ్చేది మంచిదా అన్నది మొదలైంది. ఇంజన్ ఆగినప్పుడు మనిషికేమీ కాదు కాబట్టి కారుకే ఇవ్వాలన్నాడు శ్రీధర్. కార్లు మారుతాయి, మనిషి మారడు అన్నాడు చక్రధర్. ఇంద్రజ వాన చుక్కలు పడుతుండగా కారు తలుపు పట్టుకుని నిలబడింది. టైము తొమ్మిదీ యాభై అయింది.

"ఇక్కడినుంచి వీధి దాకా వాలే," అంది సీతమ్మ, ఎవరితోనూ కాకుండా.

ఇంద్రజ ఆ వాలు చూసింది. అత్తగారిని చూసింది. తర్వాత మెట్ల కింది మగవాళ్ల వైపు తిరిగింది.

"ఇద్దరూ ఇటు రండి. తొయ్యాలి."

"తోయడమా?" అన్నాడు చక్రధర్. "ఇది అమెరికా, ఇంద్రజా!"

"అమెరికా అయితే? చేతి గేర్ల కారేగా. చీరాలలో మా నాన్న సోడాల వ్యాన్‌ని రోజూ తోసే బడికి పోయేవాళ్లం. దానికి బ్యాటరీ అనేదొకటి ఉండాలని నాకు పదో తరగతి దాకా తెలీదు."

"ట్రక్కు వస్తుందిగా. ఎవరైనా చూస్తే పోలీసులకి ఫోన్ చేస్తారు. ఇంజన్ ఏమన్నా అయితే ఏ ప్లానూ కవర్ చెయ్యదు. మూడు వారాలేగా, మళ్లీ డేట్ తీసుకుందాం. కోర్సు వచ్చే సెమిస్టర్‌లో..."

ఇంద్రజ అతని మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు. "రెండేళ్లుగా మీరందరూ తీసుకెళ్తే వెళ్లాను, దింపితే దిగాను. వచ్చే సెమిస్టర్ అనే మాట ఇంకోసారి వినబడిందంటే నడిచి వెళ్తాను. నాలుగు లేన్ల రోడ్డు మీద, ఈ చీరలో నడిచి వెళ్తాను. అప్పుడు ఫోన్ చెయ్యమనండి పోలీసులకి. తోస్తారా, తొయ్యరా?"

సీతమ్మ అప్పటికే కోటు చేతులు పైకి మడిచి డిక్కీ మీద అరచేతులు ఆనించింది. "నీకేమన్నా నడుం నొప్పా రా? రా, పట్టు. నాయనా శ్రీధర్, ఆ పక్కకి నువ్వు."

శ్రీధర్ వచ్చాడు. చక్రధర్ కూడా వచ్చాడు, అటూ ఇటూ చూసి. ఇంద్రజ కూర్చుని తాళం తిప్పి ఉంచి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టింది.

"అన్నయ్యగారూ, దిగి మీరు కూడా ఓ చెయ్యి వెయ్యండి."

వేణుమాధవ్ కళ్లు తెరవకుండానే చెయ్యి ఊపాడు. "మెంబరు దిగకూడదమ్మా."

"అయితే కూర్చోండి. లెర్నర్ పర్మిట్ మీద నడిపేవాళ్ల పక్కన లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి. ఆ రూలు నాకూ ఉంది."

కారు కదిలింది. మొదట బండరాయిలా, తర్వాత బండిలా, వాలు అందుకున్నాక కారులా. ఇంద్రజ క్లచ్ వదిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి, తుమ్మి, నల్లగా పొగ వదిలి, గర్జించింది. వెనక ముగ్గురూ తూలారు. వేణుమాధవ్ కళ్లు తెరిచాడు. ఎదురుగా వీధి వస్తోంది. "స్టాప్! స్టాప్! స్టాప్!" అని అరిచాడు.

ఆ కుదుపుకి అతని బొటనవేలు మ్యూట్ మీద పడింది. అవతల క్లయింట్ కాల్‌లో పధ్నాలుగు మంది అప్పుడే కొత్త ప్రోగ్రామ్‌ని సర్వర్లలోకి ఎక్కిస్తున్నారు. వేణుమాధవ్ అంత గట్టిగా అరవడం వాళ్లెప్పుడూ వినలేదు. పధ్నాలుగు మందీ కీబోర్డుల మీంచి చేతులు తీసేశారు. ఏం చూశాడు, ఎక్కడ చూశాడు, ఎలా కనిపెట్టాడు అని ఒకరినొకరు అడగసాగారు. ఇక అతనికి ఆ కాల్ పెట్టేయడానికి వీల్లేకపోయింది.

ఇంద్రజ ఆపలేదు. ఆపితే మళ్లీ తోసేవాళ్లు లేరు. వీధి మొదట్లో అటూ ఇటూ చూసి, కుడివైపు తిరిగి వెళ్లిపోయింది.

తడిసిన ముగ్గురూ మేడెక్కారు. సీతమ్మ తువ్వాళ్లిచ్చి, కాఫీ పెట్టింది. చక్రధర్ లాప్‌టాప్ తెరిచి ఇరవైనాలుగో కాలమ్ వేశాడు. పదీ ఇరవైకి కింద పెద్ద మోత వినిపించింది. కిటికీలోంచి చూశారు. ట్రక్కు వెనక వెండిరంగు కారు ముందు చక్రాలు గాల్లో పెట్టుకుని వీధి మలుపు తిరుగుతోంది.

"చూశావా," అన్నాడు చక్రధర్, గడియారం చూసుకుని. "చెప్పిన టైముకి పదిహేను నిమిషాలు ముందే. ఎంత రిలయబుల్!" అది కూడా టైపు చేశాడు.

శ్రీధర్ కాఫీ గుక్క మింగలేదు. "అన్నా, నీ కారు వదిన తీస్కపోయింది గద?"

"అవును."

"మల్ల గా పోయింది ఎవని కారు?"

చక్రధర్ టైపు చేయడం ఆపాడు. కింద వేణుమాధవ్ కారు నిలిపిన చోట తడవని నేల దీర్ఘచతురస్రంగా కనిపిస్తోంది. ట్రక్కువాడి కాగితంలో మెంబరు పేరుంది, ఆ పేరు మీద రిజిస్టరైన కారు నంబరుంది. మెంబరు ఫోన్ ఎంతకీ ఖాళీ లేదు. ఎదురుగా అదే నంబరుతో వెండిరంగు కారుంది. అతను తన పని తాను చేసుకుపోయాడు.

"నా టిఫిన్ బాక్స్ గా కార్లనే ఉంది," అన్నాడు శ్రీధర్ నీరసంగా.

టెస్టు దగ్గర ఎగ్జామినర్ ఒక పెద్దావిడ, పొట్టి జుట్టు, బిగుతుగా కట్టుకున్న రైన్‌కోటు. ఇంజన్ ఆపకుండా కూర్చున్న ఇంద్రజని చూసి ఎందుకని అడిగింది. ఇంద్రజ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బ్యాటరీ పోయింది, తోయించుకుని వచ్చాను, ఆపితే మళ్లీ రాదు. వచ్చే సోమవారం నేను కాలేజీలో ఉండాలి. ఎగ్జామినర్ బిగుసుకుని కూర్చున్న వేణుమాధవ్‌ని దింపి, వాన పడని చోట బెంచీ చూపించింది. మెంబరు దిగాడు.

ఇరవై నిమిషాలు తిప్పింది. ఎత్తు మీద ఆపమంది. ఇంద్రజ హ్యాండ్‌బ్రేకు మీద కారుని నిలబెట్టి, వెనక్కి జానెడు కూడా జారకుండా కదిలించింది. వేగంగానూ పోలేదు, నెమ్మదిగానూ పోలేదు. ఆపితే పోతుందనుకున్న మనిషి ఎలా నడుపుతుందో అలా నడిపింది. ఎగ్జామినర్ కాగితం మీద చివరి గీత గీసి, పాస్ అని రాసి, ఈ మధ్య గేర్లు మార్చడం వచ్చినవాళ్లని చూడలేదు అని మాత్రం అంది.

ఇంద్రజ ఇద్దరూ చూస్తుండగా ఇంజన్ ఆపేసింది. ఒక్క క్షణం ఆగి తాళం తిప్పింది. దారంతా నడిచి బ్యాటరీ ఎక్కిందేమో, కారు మారు మాట్లాడకుండా లేచింది.

పన్నెండింటికి ఇంటికొచ్చేసరికి మెట్ల దగ్గర చక్రధర్, శ్రీధర్ నిలబడి ఉన్నారు. వేణుమాధవ్ దిగుతూనే ఖాళీ జాగా చూశాడు.

"ముందు గుడ్ న్యూస్ చెప్తాను," అన్నాడు చక్రధర్. "నీ సర్వీస్ చాలా ఫాస్ట్ రా."

విషయం విని వేణుమాధవ్ మెట్టు మీద కూలబడ్డాడు. లాప్‌టాప్ అందులోనే ఉందన్నాడు. ఆఫీస్‌లో పధ్నాలుగు మంది తనేం కనిపెట్టాడో చెప్పమని కూర్చున్నారన్నాడు. వర్క్‌షాప్‌కి ఫోన్ చేస్తే, కారులో ఏ లోపమూ దొరకలేదు, ఇంకా వెతుకుతున్నాం, మెంబరు వచ్చి సంతకం పెడితే ఇచ్చేస్తాం అన్నారు.

చక్రధర్ భార్య వైపు చెయ్యి చాచాడు. "తాళాలియ్యి. పది నిమిషాల్లో వెళ్లొచ్చేస్తాం."

ఇంద్రజ తాళాలు ఇవ్వలేదు. "నేను తీసుకెళ్తాను. ఆకలేస్తోంది, ముందు అన్నం తినాలి. ఇంకొకటి. రోడ్‌సైడ్ ప్లాన్ రేపు నేను తీసుకుంటున్నాను, నా పేరు మీద. మనిషికిచ్చేది."

"మరి నాకు?"

"నా పక్కన కూర్చున్నప్పుడు మీకూ ఉంటుంది."

సీతమ్మ కోడలి నుదుటి మీద వానకి అతుక్కున్న జుట్టు వెనక్కి తోసింది. అయిదు కంచాలు పెట్టింది. టమాటా పప్పు, దొండకాయ వేపుడు, ఊరమిరపకాయలు. అందరూ కూర్చున్నారు. తాళాలు ఇంద్రజ కంచం పక్కనున్నాయి. మూడు జతల కళ్లు వాటి మీదున్నాయి. అడిగే నోరు ఒక్కటీ లేవలేదు. ఇంద్రజ ఊరమిరపకాయ విరుచుకుంది.

శుక్రవారాలు వర్క్‌షాప్ ఒంటిగంటకే మూసేస్తారు, మళ్లీ సోమవారం దాకా తియ్యరు. పన్నెండూ నలభైకి ఇంద్రజ రెండోసారి అన్నం వడ్డించుకుని, మజ్జిగ కోసం చెయ్యి చాచింది.