మెరిసిన డబ్బాలు, మారిన హంతకుడు

ఆ ఆదివారం ఆపరేటరు గారు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. మధ్యాహ్నం సినిమా క్లబ్బులో చివరి ఆట వెయ్యాలి, ప్రొజెక్టరు గది తాళాలు సెక్రటరీ చేతిలో పెట్టాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. మర్నాడు భార్యతో కలిసి బస్సెక్కి మరదలి ఊరు వెళ్ళిపోవాలి. అక్కడ మళ్ళీ పడుకోవాలి. ఇంతకు మించి ఆయన జీవితాన్ని ఏమీ అడగలేదు.

తనను వదిలెయ్యమని క్లబ్బువాళ్ళనే అడిగి అడిగి విసిగిపోయాడనుకోండి. "వేరే మనిషి దొరికేదాకా కాస్త చూడండి" అని క్లబ్బువాళ్ళు ఆయన్ని తాత్కాలికంగా పనిలో పెట్టుకున్నప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు ప్రొజెక్టరు గదికి వెళ్ళే ఇనప మెట్లెక్కితే మోకాళ్ళు మెట్లకంటే గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. ఆ మనిషి ఇంకా దొరకలేదు. ఎవరైనా వెతికితే కదా!

ఇన్నాళ్ళకి ఒక దారి కనిపించింది. కలప డిపో పెద్దాయన క్లబ్బుకు కొత్త మిషను కొనిస్తానన్నాడు. మీట నొక్కితే బొమ్మ దానంతటదే ఆడుతుంది, ఆపరేటరుతో పనిలేదు. ఒకటే షరతు. ఇవాళ ఆయన వచ్చి ఆట చూస్తాడు, క్లబ్బు నడిచే తీరు ఆయనకు నచ్చాలి. ఆట సాఫీగా సాగితే ఆపరేటరు గారికి విడుదల. రసాభాస అయితే మిషనూ లేదు, మరదలి ఊరూ లేదు.

భోజనం చేసి మంచం కిందికి వంగిన ఆయనకు కళ్ళు జిగేల్మన్నాయి. క్లబ్బు గది కురుస్తుందని రీళ్ళ డబ్బాలు ఆయన ఇంట్లోనే ఉంటాయి. జిడ్డుతో, తుప్పుతో నల్లగా ఉండాల్సిన డబ్బాలు పెళ్ళివారి గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"ఏమే, వీటిమీద చీటీలుండాలి కదా, ఏవీ?"

"ఆ మురికి కాగితాలా? నానబెట్టి గీకేసరికి తలప్రాణం తోకకొచ్చింది. రేపు ఎవరికో అప్పజెప్పేవి, ఆ మాత్రం శుభ్రంగా ఉండద్దూ?" అంది ఆవిడ, మెచ్చుకుంటాడేమోనని కాసేపు నిలబడి.

ఆయన మెచ్చుకోలేదు, కోప్పడనూ లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

చిక్కేమిటంటే, అవి ఒక సినిమా డబ్బాలు కావు. సభ్యులు ఏదో ఒకటి ఎంచుకుంటారని అద్దెకిచ్చేవాళ్ళు రెండు బొమ్మలు పంపారు. రెండూ అరవైల నాటి అమెరికా థ్రిల్లర్లే, రెండూ నాలుగేసి రీళ్ళే. ఒకదాంట్లో ఒక లాయరు, హత్య జరుగుతుందని భయపడుతున్న అతని భార్య. రెండోదాంట్లో మేయరును కాల్చబోయేవాడి కోసం ఊరంతా గాలించే పోలీసు. సభ్యులు లాయరుకు ఓటేశారు.

ఆయన ఒక్కొక్క రీలూ తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాడు. టోపీ పెట్టుకున్న మనిషి వానలో టెలిఫోను బూతులోకి దూరుతున్నాడు. ఇంకో రీలు తీశాడు. టోపీ, వాన, టెలిఫోను. ఆ రోజుల్లో అమెరికా వాళ్ళు టోపీ లేకుండా నేరం చేసేవారు కాదు, పొడి వాతావరణంలో అసలే చేసేవారు కాదు. పేర్లున్న మొదటి రీలు ఒక్కటే పోల్చుకోగలిగాడు. మిగతావాటిలో చేతికందిన మూడు సంచిలో వేసుకుని, దేవుడి మీద భారం వేసి బయల్దేరాడు.

మొదటి రీలు దివ్యంగా నడిచింది. లాయరు భార్య వణికింది, కిటికీ తెర కదిలింది, బట్టతల మనిషి ఒకడు కత్తిపోటుతో మెట్లమీంచి దొర్లి చచ్చిపోయాడు. క్లబ్బు సభ్యులకు ఆ ఇంగ్లీషు సగమే అర్థమవుతుంది. మిగతా సగం అర్థమైనట్టు కూర్చోవడం ఏళ్ళ తరబడి అలవాటు.

రెండో రీలు మొదలైంది. చచ్చిన బట్టతల మనిషి పోలీసు ఆఫీసులో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. రెండు సినిమాల్లోనూ ఒకడే నటుడని ఆపరేటరుకు అప్పుడు తెలిసింది.

సెక్రటరీ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. "ఏంటండీ ఇది? వాడు చచ్చాడు కదా, కాఫీ తాగుతున్నాడేంటి?"

నిజం చెప్తే ఆట ఆపాలి, ఆపితే మిషను పోతుంది. "వీడు వాడి తమ్ముడు. కవలలు," అన్నాడు ఆపరేటరు.

"ఓహో! మరి లాయరేడీ?"

"వస్తాడు. ముందు మీరు కిందికెళ్ళండి, పెద్దాయన వెనక్కి తిరిగి చూస్తున్నారు."

సెక్రటరీ వెళ్ళి పెద్దాయన చెవిలో కవలల సంగతి ఊదాడు. పెద్దాయన ముందుకు జరిగి కూర్చున్నాడు. లాయరు మాత్రం రాలేదు. ఆ రీలు అయ్యేదాకా ఎవడో మేయరు ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాడు.

మూడో రీలు ఇంకా ఘనమైనది. కిందటిసారి ఆడాక వెనక్కి చుట్టకుండా పంపిన రీలది, కొస నుంచి మొదలైంది. తెర మీద కార్లు తలకిందులుగా, వెనక్కి పరిగెత్తాయి. టోపీల వాళ్ళు కాళ్ళు పైకి పెట్టి టెలిఫోను బూతుల్లోంచి వెనక్కి నడిచారు. మాటలు నీళ్ళు పుక్కిలించినట్టున్నాయి. ఆపరేటరు చటుక్కున ధ్వని తగ్గించేసి, ఇక ఆపేద్దామని మీట మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే కిందనుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఆహా!"

చెయ్యి వెనక్కి వచ్చేసింది.

సెక్రటరీ ఈసారి సగం మెట్లలోనే ఆగి అరిచాడు. "బొమ్మ తలకిందులైందండీ!"

"హీరోకి కళ్ళు తిరిగాయి," అన్నాడు ఆపరేటరు స్టూలు మీద కూలబడి. "మనకి కనపడేది వాడికి కనపడేదే."

"మరి చప్పుడు లేదేం?"

"కళ్ళు తిరిగినవాడికి చెవులు మాత్రం పనిచేస్తాయా?"

నాలుగో రీల్లో, అంతవరకు ఒక్కసారైనా కనపడని మనిషి ఒకడు వంతెన మీంచి కింద పడ్డాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. సినిమా అయిపోయింది. లాయరు, అతని భార్య మొదటి రీలు తర్వాత ఏమయ్యారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

దీపాలు వెలిగాయి. ఆపరేటరు ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చి, పెద్దాయన ఎదుట చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఇక అబద్ధమాడే సత్తువ కూడా లేదు.

"క్షమించండయ్యా. రెండు సినిమాల రీళ్ళు కలిసిపోయాయి. ఒకటి తిరగబడింది కూడా. తప్పు నాదే."

పెద్దాయన ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "చూశారా, ఎంత వినయమో! ఏమయ్యా, ఇన్నేళ్ళుగా ఈ సినిమాలు చూస్తున్నాను. సగం కూడా అవకముందే హంతకుడెవడో చెప్పేస్తాను. మా ఇంటావిడ నాతో సినిమాకి రానని ఒట్టు పెట్టుకుంది. అలాంటిది, ఇవాళ చివరిదాకా పట్టుకోలేకపోయాను!"

"అది కాదండీ, ఆ చివర పడ్డవాడు అసలు ఈ సినిమా..."

"అదే నేననేది! వాణ్ణి ఎవడు అనుమానిస్తాడు చెప్పు?"

సెక్రటరీ అందుకున్నాడు. "మరి కొత్త మిషను..."

"మిషనా? అందులో కంపెనీవాడు ఎలా పెడితే అలా ఆడుతుంది. దానికి ఈ తెలివి ఎక్కణ్ణించి వస్తుందయ్యా? వద్దు. ఈ పాతదానికే మరమ్మతు చేయిస్తాను. పైన ఈయనకి మెత్తటి కుర్చీ ఒకటి వేయిస్తాను. వచ్చే ఆదివారం మా ఇంటావిణ్ణి తీసుకొస్తా. ఇదే బొమ్మ, ఇదే వరస. ఒక్క రీలు కూడా మారకూడదు సుమా!"

ఆపరేటరు పైన ప్రొజెక్టరు గదివైపు చూశాడు. దిగేముందే రీళ్ళన్నీ డబ్బాల్లో పెట్టేశాడు. నాలుగు డబ్బాలూ ఒక్కలాగే మెరుస్తుంటాయి, ఏది ఎన్నోదో ఆయనకే తెలీదు.

ఇంటికెళ్ళేసరికి భార్య చీరలు సర్దిన పెట్టెకు తాళం వేస్తోంది. "తాళాలు ఇచ్చేశారా?"

ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దానివంక చూసింది. తర్వాత పెట్టె తెరిచి చీరలు ఒక్కొక్కటే బయటికి తీసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆట బాగా రాలేదా?"

"వచ్చింది. అదే కొంప ముంచింది."

"మరి మనం వెళ్ళేదెప్పుడండీ?"

ఆయన మంచం మీద వాలి కళ్ళు మూసుకున్నాడు. "ఇన్నేళ్ళు సవ్యంగా చేస్తే తాత్కాలికమన్నారే. ఇవాళ ఒక్క పూట తలకిందులుగా చేశాను, పర్మనెంటు చేశారు."