రెండు బండ్లు, ఒకే దరువు

సకల జనుల సమ్మెలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సకలమూ ఆగిపోయిందని పత్రికలు రాశాయి. ఇది పూర్తిగా నిజం కాదు. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, కోచింగ్ సెంటర్లు ముందు షట్టరు దించి వెనక గుమ్మంలోంచి పాఠాలు చెప్పాయి. డీజే బండి మాత్రం ఆగలేదు. ఉద్యమమన్నాక ఊరేగింపు ఉండాలని, ఊరేగింపన్నాక డీజే ఉండాలని అన్ని పక్షాలూ అప్పటికే ఏకాభిప్రాయానికి వచ్చాయి.

ఆ బండి చైతన్యపురి మహేందర్‌ది. నల్గొండ పల్లె నుంచి వచ్చి లారీలు తోలిన తండ్రి ఒక డీసీఎం వ్యాను కొంటే, కొడుకు దాని మీద ఇంటెత్తున స్పీకర్ పెట్టెలు బిగించాడు. పాత డిస్కో రికార్డులోంచి దరువు తీసి, దాని మీద అడిగినవాళ్లకు అడిగిన గొంతు ఎక్కించడం అతని విద్య. వినాయకుడికి భక్తి గొంతు, పెళ్లికొడుక్కి సినిమా గొంతు, నాయకుడి పుట్టినరోజుకు నాయకుడి గొంతే. కింద మాత్రం ఎప్పుడూ ఒకటే రికార్డు. ఎగిరేవాళ్లు కాళ్ల కింద ఏముందో చూసుకోరు కనుక ఇంతకాలం ఎవరూ కనిపెట్టలేదు.

ఆ రికార్డు పక్క గల్లీలో ఉండే తీతు అనే ముసలాయనది. ఆయన వయసులో ఉన్నప్పుడు అబిడ్స్‌లో ఒక హోటల్ డిస్కోలో రికార్డులు తిప్పేవాడు. పెట్టెల పక్కన నిలబడీ నిలబడీ చెవులు పాడయ్యాయి. త్వరలో బొత్తిగా వినబడదని దవాఖానలో చెప్పేశారు. అప్పుడాయన ప్రాణంలా దాచుకున్న రికార్డు తెచ్చి మహేందర్ చేతిలో పెట్టి ఒక్కటే అడిగాడు.

"జర మొత్తం ఎయ్యి బిడ్డా. మీద ఎవని లొల్లి లేకుండ. జనం ఎగురుతుంటె ఒక్కపారి చెవులార ఇంట. తర్వాత చెవులు పోతె పోనియ్యి."

మహేందర్ మాటిచ్చాడు. మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. కానీ రికార్డు పెట్టి కాసేపవుతుందో లేదో ఎవరో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని బండెక్కేవాడు. మన దేశంలో ఖాళీగా మోగే దరువును చూస్తే పెద్దమనుషులు ఓర్చుకోలేరు.

ఇంతలో కాలనీ పోరాట కమిటీ కన్వీనర్ మట్టయ్య వచ్చాడు. "గీ ఇంగ్లిష్ లొల్లి మనకొద్దు తమ్మీ. మన మట్టి దరువు కావాలె" అన్నాడు. మహేందర్ అదే రికార్డు మీద జై తెలంగాణ నినాదాలు ఎక్కించి వినిపించాడు. మట్టయ్య కండువాతో కళ్లొత్తుకుని, "గిదిరా మన నేల వాసన" అన్నాడు.

వారం తిరక్కుండా కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవారి సంఘం అధ్యక్షుడు సాంబమూర్తి వచ్చాడు. ఆయన తలపెట్టింది ఐక్యతా ర్యాలీ. "మాకా గోల వద్దు బాబూ. మన సంప్రదాయం ఉట్టిపడాలండి" అన్నాడు. మహేందర్ అదే రికార్డు మీద సమైక్య నినాదాలు ఎక్కించాడు. సాంబమూర్తి కళ్లు మూసుకుని, "గోదారి గట్టు మీద నిలబడ్డట్టుందండీ" అన్నాడు. ఆయన కోసం మహేందర్ ఇంకో బండి కిరాయికి తెచ్చి, కంప్యూటర్లో ఎక్కించిన రికార్డు ప్రతి ఇచ్చి, తన దగ్గర పనిచేసే బక్కయ్యను కూచోబెట్టాడు.

రెండు ఊరేగింపులూ చైతన్యపురి చౌరస్తాలో ఎదురుపడ్డాయి. ఇద్దరు నాయకులూ ఒకేసారి మైకులందుకున్నారు. నాయకుడు మాట్లాడేటప్పుడు పై గొంతు తీసేసి దరువు మాత్రం ఉంచడం డీజేల ఆచారం, ఎందుకంటే దరువు లేని ప్రసంగానికి జనం నిలబడరు. మహేందర్ తీశాడు, బక్కయ్యా తీశాడు. ఎదురెదురుగా ఉన్న మైకులు రెండూ ఒకదాన్ని చూసి ఒకటి కీచుమని మూగబోయాయి. చౌరస్తాలో దరువొక్కటే మిగిలింది.

కాసేపు జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎగిరారు. ఏ కండువా ఎవరి మెడలో ఉందో తెలియకుండా ఎగిరారు. బందోబస్తు కానిస్టేబుల్ లాఠీతో బారికేడు మీద తాళం వేశాడు. ఇదే అదననుకున్న మహేందర్, బక్కయ్యకు సైగ చేసి, రికార్డు మొత్తం మొదటినుంచి ఎత్తుకుని, తీతు ఇంటికి మనిషిని పంపాడు. తీతు చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. ఆయన చౌరస్తాలో అడుగుపెట్టేసరికి ఇద్దరు నాయకులూ చెరో బండి జనరేటర్ వైరూ పీకేశారు.

మర్నాడు ఉభయపక్షాల సమావేశం జరిగింది. జనం కలిసి ఎగరడం ఇరుపక్షాల ఆత్మగౌరవానికీ భంగకరమని, అందుకు బాధ్యత రికార్డుదేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ రెండు సంఘాల చరిత్రలో ఏకగ్రీవమైన తీర్మానం అదొక్కటే. రికార్డును మట్టయ్య ఒక అంచున, సాంబమూర్తి ఒక అంచున పట్టుకున్నారు. అది వంగిందే గాని విరగలేదు. ఇద్దరూ కూడబలుక్కుని ఒకేసారి బలం పెట్టాక విరిగింది. చప్పట్లు మోగాయి. చెరో ముక్కా విజయచిహ్నంగా ఇంటికి పట్టుకుపోయారు.

అడగ్గానే రికార్డు తెచ్చిచ్చింది మహేందరే. రెండు పక్షాలూ అతని గిరాకీలే. కంప్యూటర్లో ఇంకో ప్రతి ఉందని చెప్పి తీతును ఓదార్చాడు. "ఎప్పుడేస్తవు మరి?" అని తీతు అడిగాడు. మహేందర్ వంగి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

రాష్ట్రం వచ్చింది. విజయోత్సవానికి మట్టయ్య మహేందర్‌ను పిలిపించి, "గా చౌరస్తా దరువే కావాలె" అన్నాడు. సాంబమూర్తి అప్పటికే సంఘం పేరు మార్చి, కొత్త రాష్ట్రానికి స్వాగతం పలుకుతూ అందరికంటే పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఇద్దరూ ఒకే బండెక్కారు. ఇద్దరి ప్రసంగాలనూ ముందే పట్టి దరువు మీద ఎక్కించమన్నారు. మహేందర్ ఎక్కించాడు.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా ఎగిరింది. తీతు జనాన్ని తోసుకుంటూ వచ్చి స్పీకర్ పెట్టెకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆయనకిప్పుడు ఏమీ వినబడదు. చేతికి దరువు తగులుతోంది, కళ్లకు ఎగిరే జనం కనబడుతున్నారు. మహేందర్ వైపు తలెత్తి చూశాడు.

"మొత్తం ఏసినవా బిడ్డా?"

పైన మట్టయ్య గొంతు త్యాగాల గురించి, సాంబమూర్తి గొంతు సౌభ్రాతృత్వం గురించి హోరెత్తిస్తున్నాయి. మహేందర్ అవునన్నట్టు తల ఊపాడు. తీతు కళ్లు తుడుచుకుని, మెల్లగా, వయసులో వేసిన అడుగులే మళ్లీ వేశాడు.

మీద ఎవరి లొల్లీ లేకుండా ఆ రోజు ఆ పాట విన్నవాడు ఆయనొక్కడే. చెవులు సలక్షణంగా ఉన్న మనమంతా ప్రసంగాలకు ఎగిరాం.